ఈశాన్యానికి మూతి పెట్టిన పడవ

నాచారంలో మేముండే ఇంటి డాబా మీద ఒక పడవ తయారైంది. ఆ వీధిలో నీళ్ళంటే ట్యాంకరు వచ్చిన రోజు బిందెల్లో కనబడేవే. అయినా పడవ తయారైంది. చేసినవాడు ఇంటి ఓనరు కొడుకు లక్ష్మీకాంత్. అన్నోజిగూడ దాటాక ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అతనికి ఉద్యోగం. మధ్యాహ్నం కంపెనీ బస్సెక్కితే మళ్ళీ ఊరు సద్దుమణిగాకే రావడం. పొద్దున పూటంతా ఖాళీ. ఖాళీగా ఉన్న మనిషి నిద్రపోతే ఎవరికీ నష్టం ఉండదు. అతనికి నిద్ర పట్టేది కాదు.

డాబా మీద నైరుతి మూలకు ఒంటి గది ఉంది. అందులో నేను, మా మేనత్త మల్లవ్వ అద్దెకుంటున్నాం. నేను దగ్గర్లోనే ఒక మందుల ఫ్యాక్టరీలో సీసాల లేబుళ్ళు సరిచూస్తాను. నాదీ మధ్యాహ్నం షిఫ్టే కాబట్టి ఆ పడవ పుట్టుక మొత్తం చూసే యోగం నాకు పట్టింది. అత్త వడియాలు పెట్టి అమ్ముతుంది.

జనగామ దగ్గర మా ఊళ్ళో ఉండే మామకు, అత్తకు పడదు. ఉప్పు డబ్బాకు కూడా తాళం వేసే మనిషి ఆయన. ఆ ఇంట్లోంచి బయటపడి అత్త ఇక్కడ నిలబడిందంటే వడియాల వల్లనే. వడియాలకు బియ్యప్పిండి, ఉప్పు, జీలకర్ర, ఎండ కావాలి. మిగతావి అంగడిలో దొరుకుతాయి. ఎండ కోసమే ఆమె ఈ గది చూసుకుంది. శివరాత్రి దాటిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా ఆమె సంపాదించిందే ఏడాదంతటికీ అద్దె, తిండి. ఒక్క ఎండాకాలం పోతే గది పోతుంది. గది పోతే అత్త మళ్ళీ ఆ ఉప్పు డబ్బా దగ్గరికి పోవాలి. పెళ్ళికాని పిల్లను పట్నంలో ఒంటరిగా ఉండనివ్వరు కాబట్టి నేను కూడా ఆమె వెనకే మూట సర్దుకోవాలి. ఇదంతా ఇంటివాళ్ళకు తెలియని సంగతి కాదు. గదిలో దిగిన రోజే అత్త దాచుకోకుండా చెప్పింది. "ఎండకి మేం అద్దె తీసుకోంలేమ్మా, వాడుకో," అని నవ్వాడు ఓనరు పట్టాభిరామయ్య.

పట్టాభిరామయ్య కైకలూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి, ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైనవాడు. చొక్కా జేబులో కళ్ళజోడుతో పాటు దిక్సూచి పెట్టుకుని తిరుగుతాడు. ఆ ఇంట్లో మంచం, బీరువా, చివరికి చెత్తబుట్ట కూడా ఆయన చెప్పిన దిక్కుకే ఉంటాయి. వంటింటి తలుపు ఒక గోడలోంచి ఇంకో గోడలోకి మారి, అక్కడా బాగుండక మళ్ళీ మొదటి గోడలోకి వచ్చింది. వీధిలో కరెంటు స్తంభం ఒక్కటే ఆయన మాట వినలేదు.

లక్ష్మీకాంత్ పడవ పని దసరా నాడు మొదలుపెట్టాడు. దాన్ని పడవ అనకూడదట, కెనూ అనాలట. ఇంటర్నెట్‌లో కెనడా వాళ్ళ ప్లాను చూసి నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీలకు పై దేశాల నుంచి మిషన్లు వచ్చే పెట్టెల చెక్క నాచారంలో అమ్ముతారు. తేలికగా, పసుపు పచ్చగా ఉండే పైన్ చెక్క. అది కొని, ఉప్పల్‌లో కోత మిషన్ దగ్గర సన్నటి బద్దలుగా చీల్పించుకొచ్చాడు. పడవ కడుపు ఎక్కడ ఎంత వెడల్పు ఉండాలో ఆ ఆకారాల్లో ప్లైవుడ్ ముక్కలు కోసి, ఒక పొడుగాటి దూలం మీద వాటిని వరసగా నిలబెట్టాలి. వాటి మీద బద్దలు వంచి, ఒకదాని అంచుకు ఒకటి జిగురుతో అంటించుకుంటూ పోవాలి. పడవ బోర్లా పెరుగుతుంది. చూడటానికి ముచ్చటైన పనే. చేసేవాళ్ళు నోరు మూసుకుని చేస్తే ఇంకా ముచ్చటగా ఉండేది.

మొదట అతను దూలాన్ని దక్షిణం గోడ వారన పెట్టాడు. అక్కడైతే ఎవరి దారికీ అడ్డం లేదు. పట్టాభిరామయ్య దిక్సూచి తీశాడు.

"దక్షిణం గోడకి ఆనించి వాహనం పెడతావేంట్రా? యముడి దిక్కు."

"ఇది వాహనం కాదు నాన్నా, ఇంకా చెక్కే."

"ఎక్కి కూర్చుని వెళ్ళేది వాహనం కాక పీటా? ముక్కు ఈశాన్యానికి ఉండాలి. జలస్థానం అది. నీళ్ళకి వెళ్ళే వస్తువు నీళ్ళ దిక్కే చూడాలి. తోక నైరుతిలో ఉంటుంది, బరువు ఉండాల్సింది అక్కడే. చూశావా, ఎలా కుదిరిందో."

లక్ష్మీకాంత్‌కు వాస్తు మీద నమ్మకం లేదు. తండ్రి పేరున ఉన్న ఇంటి మీద ఉంది. మారు మాట్లాడకుండా దూలం తిప్పాడు.

ఈశాన్యం అంటే మూల. ఒక మూల నుంచి ఎదుటి మూలకు పడవ అడ్డంగా పడేసరికి డాబా రెండు త్రికోణాలైంది. తోక సరిగ్గా మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది. మేం గదిలోంచి బయటికి రావాలంటే పక్కకు తిరిగి పొట్ట లోపలికి పీల్చుకోవాలి. అత్త వడియాలు పెట్టేది పాత నూలు చీరల మీద. చీరలు త్రికోణంగా ఉండవు.

"పెద్దసారూ, నిండు బంగ్లాను నడిమిట్లకెళ్ళి కోస్తిరి గదా," అంది అత్త డాబాను చూపిస్తూ. "నేను వడియాలు యాడ వెట్టాలె?"

"రెండు పక్కలా ఎంత చోటుందో చూడమ్మా."

"మూలలున్నయి. గోడల నీడంత గాడనే పడ్తది. ఎండ నడుమ వస్తది సారూ."

"శివరాత్రి నాటికి మావాడి పని అయిపోతుంది. ఏరా?"

"అంతకి ముందే అయిపోద్ది," అన్నాడు లక్ష్మీకాంత్. సాఫ్ట్‌వేర్ వాళ్ళు తారీఖులు చెప్పే ధీమా ఎలా ఉంటుందో నాకు అప్పటికి తెలియదు.

చలికాలమంతా పడవను చూడటానికి కాలనీవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. అందరికన్నా ఎక్కువ వచ్చినవాడు రామ్మోహనరావు, కాలనీ సంఘానికి అధ్యక్షుడు. ఆయన వచ్చినప్పుడల్లా ఏదో ఒక బద్దను వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టి విని, తల ఊపేవాడు. ఏం వినబడేదో మాకు చెప్పలేదు. లక్ష్మీకాంత్ భార్య గీతిక రోజూ ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేది. కెనడాలో ఎవరో దొర బాగుందన్నాడట. ఆ రోజు ఇంట్లో పాయసం వండారు. దొరకు డాబా కనబడలేదు, మేము కనబడలేదు, పచ్చటి చెక్క ఒక్కటే కనబడింది.

పట్టాభిరామయ్య కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. "మా కొల్లేట్లో చిన్నప్పుడు పడవల మీదే బడికి పోయేవాళ్ళం. మీ వైపు వాళ్ళు పడవంటే సినిమాల్లో చూడ్డమే కదమ్మా మల్లవ్వా."

"నీళ్ళన్ని మీ దిక్కే తీస్కపోతిరి సారూ, ఇగ మాకు పడవలేడియి," అంది అత్త చాటలో బియ్యం చెరుగుతూ.

తెలంగాణ గొడవ రోజూ టీవీలో నడుస్తున్న కాలం. పెద్దాయన ముఖం గంటుపెట్టుకున్నాడు. లక్ష్మీకాంత్ బద్ద మీదికి ఇంకాస్త వంగాడు. అత్త బియ్యం చెరగడం ఆపలేదు. చెరిగిన ఊక మాత్రం పడవ జిగురు మీద పడేట్టు కూర్చుంది. ఆమె మంచి మనిషని నేను అనను.

శివరాత్రి వచ్చింది, పోయింది. పడవ కడుపు మూసుకుంది కానీ దాన్ని నున్నగా చేసే పని మిగిలింది. లక్ష్మీకాంత్ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎమిరీ పేపరుతో రుద్దేవాడు. మిషనుతో రుద్దేవాడు. మళ్ళీ చేత్తో రుద్దేవాడు. పసుపు రంగు పొడి గాలికి లేచి మా గిన్నెల్లో, మంచాల మీద, నా జడలో చేరేది. అత్త ఒక త్రికోణంలో చీర మడతపెట్టి పరిచి, పట్టినన్ని వడియాలు పెట్టింది. పొడి వాటి మీద కూడా పడింది. ఒలిచి చూస్తే ప్రతి వడియంలో పసుపు చుక్కలు.

"ఇవి ఎట్ల అమ్ముతవత్తా?" అన్నాను.

"జీలకర్ర అనుకుంటరు తియ్యి."

అనుకోలేదు. హబ్సిగూడలో కర్రీ పాయింట్ నడిపే త్రిపురసుందరి గారు అత్త సరుకంతా తీసుకునే మనిషి. వడియం ఒకటి వెలుతురులో పెట్టి చూసింది. "మల్లవ్వా, జీలకర్ర ఎలా ఉంటుందో నాకు తెలియదనుకున్నావా? ఉగాది వెళ్ళాక మంచి సరుకు తెస్తే తీసుకుంటా. నెలాఖరు దాటితే మాత్రం గుంటూరు నుంచి ప్యాకెట్లు తెప్పించుకుంటా. ఒకసారి వాళ్ళతో మాట కలిపితే మళ్ళీ నీ దగ్గర తీసుకోలేను, ముందే చెప్తున్నా."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్త నెలాఖరుకు ఇంకా ఎన్ని ఎండలు మిగిలాయో వేళ్ళ మీద లెక్కపెట్టింది.

ఆ వారమే ఇంటివాళ్ళంతా పెళ్ళికని విజయవాడ వెళ్ళారు. పొద్దున్నే అత్త డాబా మీదికి వచ్చి పడవను చూస్తూ నిలబడింది. బోర్లా పడుకుని, నున్నగా, వాలుగా, డాబా నడుమ ఎండలో ఉంది. దాని మీద గోడ నీడ పడదు. నేల మీద దుమ్మూ అంటదు.

"సంతోషీ, చీరలు తడిపి పట్కరా."

"అత్తా, గది వాళ్ళది."

"ఎండ నాది. సారే చెప్పిండు."

నేను చీరలు తడిపి తెచ్చాను. పడవ వెన్ను మీదుగా అటూ ఇటూ వేలాడేట్టు పరిచాం. అత్త గంజి పిండి గరిటెతో తీసి చుక్కలు పెట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి అవి చెవి దగ్గర పెడితే పలికేట్టు ఎండాయి. అంత బాగా ఎండిన వడియాలు నేను అంతకు ముందు చూడలేదు. కానీ తడి చీరల్లోంచి ఉప్పు గంజి చెక్కలోకి దిగింది. చీర ఎత్తి చూస్తే పడవంతా వరసగా తెల్లటి మచ్చలు.

పెళ్ళి నుంచి వచ్చిన లక్ష్మీకాంత్ మచ్చలు చూసి అరవలేదు. అతను కోపం వస్తే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాడు. చాలాసేపు అందులోనే ఉన్నాడు. మళ్ళీ రుద్దాడు. మచ్చలు పలచబడ్డాయి, పోలేదు. వాటి మీదే గాజు పీచు గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు పోసి గట్టిపరిచాడు. రెజిన్ అద్దంలా ఆరింది. దానికింద మా అత్త వడియాల ఆనవాళ్ళు శాశ్వతంగా ఉండిపోయాయి. రామ్మోహనరావు గారు వచ్చి చూసి, "డిజైన్ బాగుంది," అన్నాడు.

"పడవ నీళ్ళలో దిగనీ, తరవాత నీ సంగతి చూస్తా," అన్నాడు పట్టాభిరామయ్య అత్తతో. అంత పెద్ద మాట ఆయన నోటి నుంచి మేము వినడం అదే మొదలు. ఆ రోజు నుంచి అత్త పడవకు దండం పెట్టడం మొదలుపెట్టింది. అది బాగా తేలాలని కోరుకుంటోందని నేను అనుకున్నాను.

ఉగాది తరవాత ఒక ఆదివారం ముహూర్తం. మెట్ల మలుపులో పడవ పట్టదు కాబట్టి పిట్టగోడ మీదుగా తాళ్ళతో దించాలి. దానికి కాలనీ వినాయక మండపం కుర్రాళ్ళను పిలిచారు. పెద్ద పెద్ద విగ్రహాలు ఎత్తి దించిన చేతులు. పడవ గాల్లోకి లేవగానే అలవాటు కొద్దీ ఒకడు "గణపతి బప్పా" అన్నాడు, మిగతావాళ్ళు "మోరియా" అన్నారు. పడవ నేల తాకేదాకా ఆపలేదు. లక్ష్మీకాంత్ మాటిమాటికీ "మెల్లగా, మెల్లగా" అనడం ఆ గోలలో ఎవరికీ వినబడలేదు.

గేటు ముందు వాహన పూజ. పూజారి నిమ్మకాయలు చేత్తో పట్టుకుని చక్రాల కోసం పడవ చుట్టూ తిరిగాడు. చివరికి దాన్ని మోసుకుపోయే ట్రాలీ ఆటో చక్రాల కింద పెట్టాడు. ఆటోకే బొట్టు, ఆటోకే దండ. రామ్మోహనరావు గారు కొబ్బరికాయ పడవ ముక్కు మీద కొడతానని చెయ్యెత్తితే లక్ష్మీకాంత్ అడ్డుపడ్డాడు. ఆయన అలిగి, రోడ్డు మీద కొట్టాడు. పడవను ఆటోలో తోక బయటికి వేలాడేట్టు కట్టి తీసుకుపోయారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో కోసం తవ్విన గుంతల మధ్య ఆటో ఇరుక్కుంది. వెనక బస్సులోంచి ఒకాయన తల బయట పెట్టి, "నిమజ్జనం అప్పుడేనా అన్నా?" అని అడిగాడు.

పడవను దించాల్సిన చెరువు కాలనీల వెనకాల మిగిలి ఉంది. మిగిలింది అనే అనాలి. సగం గుర్రపుడెక్క, సగం నల్లటి నీళ్ళు. ఒడ్డుకు దగ్గర్లోనే, వినాయక చవితికి వేసిన పెద్ద విగ్రహం తాలూకు ఇనుప చట్రం నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంది. మట్టి, రంగు కరిగిపోయి తొండం ఊచలు మాత్రం మిగిలాయి. వాసనకు ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. రామ్మోహనరావు గారు మైకు లేకుండానే ఉపన్యాసం ఇచ్చాడు. చెరువుల్ని కాపాడుకోవాలన్నాడు. ఆయన ఇంటి మురుగు నీళ్ళు కూడా పైపుల్లో పడి ఈ చెరువుకే వస్తాయి. ఆ సంగతి ఉపన్యాసంలో రాలేదు.

లక్ష్మీకాంత్ నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తెడ్డు పట్టుకుని పడవలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పడవ నిజంగా అందంగా ఉంది. ఆ నీళ్ళ మీద అది పెళ్ళికూతుర్ని తెచ్చి బురదలో కూర్చోబెట్టినట్టుంది. పట్టాభిరామయ్య ఒడ్డున నిలబడి దిక్సూచి చూసి, తూర్పుకు తిప్పించి, అప్పుడు గట్టిగా చెప్పాడు.

"ఒరేయ్, తెడ్డు కుడిపక్కే వెయ్యి. మొదటిసారి ఎడమ చెయ్యి వాటం వద్దు. నేను చెప్పిందాకా మార్చకు."

అతను కుడిపక్క వేశాడు. పడవ ముందుకు కదిలింది, చప్పట్లు కొట్టారు. రెండోసారి కుడిపక్కే వేశాడు. పడవ ముక్కు ఎడమకు తిరిగింది. గట్టిగా వేశాడు. ఇంకా ఎడమకు తిరిగింది. వేస్తున్నకొద్దీ అది గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ వినాయకుడి చట్రం చుట్టూ ఒక చుట్టు పూర్తయింది. లక్ష్మీకాంత్ కళ్ళద్దాలు తీసి తండ్రి వైపు చూశాడు. తండ్రి కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. మరో చుట్టు మొదలైంది.

"అన్నా, కోరిక గట్టిదా ఏంది, ఎన్ని సుట్లు మొక్కినవ్?" అన్నాడు మండపం కుర్రాడొకడు. జనం నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి. గీతిక తన ఫోను సంచిలో పెట్టేసింది.

చివరికి పడవ గుర్రపుడెక్కలోకి దూరి ఆగిపోయింది. లక్ష్మీకాంత్ దిగి, ఛాతీ లోతు బురదలో దాన్ని లాక్కుంటూ ఒడ్డుకు వచ్చాడు. ఒడ్డుకు చేరాక అతని మీద నారింజ రంగు మెడ దగ్గర మాత్రమే కనబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రామ్మోహనరావు గారు అప్పటికే వెళ్ళిపోయాడు.

తిరిగి బస్సు కోసం నడుస్తూ నేను అత్తతో అన్నాను. "ఒక్క దిక్కే తెడ్డేస్తే అట్లనే తిరుగుతది గదా అత్తా. పడవల ఏం లోపం లేదు. పెద్దసారు మార్చనియ్యలే."

"నాకు కండ్లు లేవా?"

"మరి చెప్తే మన మీదికి రాదు గదా."

అత్త ఆగి నా వైపు చూసింది. "బిడ్డా, ఊరంతటి ముందట కొడుకును బురదల దింపింది నువ్వే అని ఆయనకు జెప్తవా? జెప్పినంక మనల్ని ఇంట్లుంచుతడా? జర నోరు మూస్కొని నడువు."

మర్నాడు పొద్దున కుర్రాళ్ళు పడవను మళ్ళీ డాబా మీదికి లాగారు. ఈసారి మోరియా అనలేదు. పాత చోటే, పాత దిక్కే, తోక మా గుమ్మం ముందే. తండ్రీ కొడుకులు దాని చుట్టూ తిరుగుతూ చూశారు. ప్లాను తప్పు కావడానికి వీల్లేదు, అది కెనడా నుంచి వచ్చింది. దిక్కు తప్పు కావడానికి వీల్లేదు, అది శాస్త్రంలోంచి వచ్చింది. ఇద్దరి కళ్ళూ ఒకేసారి మచ్చల మీద పడ్డాయి.

"ఆ తేమ నాన్నా," అన్నాడు లక్ష్మీకాంత్. "ఒక పక్క చెక్క నీళ్ళు తాగి బరువెక్కింది. అందుకే లాగేస్తోంది."

మచ్చలు రెండు పక్కలా ఉన్నాయి. అది చెప్పే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

"నేనా రోజే అనుకున్నా," అన్నాడు పట్టాభిరామయ్య. "మల్లవ్వా, ఇంక నా వల్ల కాదమ్మా. నెలాఖరుకి వేరే గది చూసుకో."

నెలాఖరంటే త్రిపురసుందరి గారి గడువు కూడా అదే. అత్త కొంగు నడుముకు దోపుకుని, పడవ ముక్కు దాకా నడిచి, అక్కడ నిలబడి చెంపలు వేసుకుంది.

"ఏంటమ్మా అది?" అన్నాడు పెద్దాయన.

"ఏం లేదు సారూ. ఒక మాట జెప్పాల్నా వద్దా అని నిన్నటిసంది సోంచాయిస్తున్న. సదువురానిదాన్ని, నా మాటకు ఇలువేముంది."

"చెప్పు."

"ఈశాన్యం దేవుని మూల అని మీరే జెప్తరు. మరి గుడి ముందట ఎవలన్న బండి మూతి గుడికి గుచ్చినట్టు పెడ్తరా? దసరా కాడికెళ్ళి ఇది దేవుని మూలకు ముక్కు గుచ్చుకొని కూసున్నది. దండం బెడ్తనే ఉన్న నేను, సామీ తప్పు కాయమని. నిన్న నీళ్ళల్ల దిగంగనే ఏం జేసింది? వినాయకుని సుట్టు తిరిగింది. ఊరంత సూసిన్రు. ఇంత చెరువుల దానికి గాడనే తిరిగే పనేంది సారూ?"

పట్టాభిరామయ్య జేబులో దిక్సూచి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కానీ ప్రదక్షిణం కాదే. ఎడమకి తిరిగింది. అప్రదక్షిణం."

అత్త కన్ను కూడా ఆర్పలేదు.

"గదే జెప్తున్న సారూ. తప్పు మీదున్న బండి సక్కగ ఎట్ల తిరుగుతది?"

ఆ మాటతో ఆయన ముఖం తేటపడింది. శాస్త్రం తప్పలేదు. ఆయన చదవాల్సిన పేజీ ఇంకొకటి ఉందంతే. లక్ష్మీకాంత్ ముఖం కూడా తేటపడింది. ప్లాను తప్పలేదు, కొలతలు తప్పలేదు, అతని చేతులూ తప్పలేదు. చదువుకున్న ఇద్దరు మనుషులు ఒక అబద్ధం మీద అంత హాయిగా కూర్చోవడం నేను అంతవరకు చూడలేదు.

"వాహనానికి ముక్కు దోషం ఉంటుందని మా తాతగారు అనేవారు," అన్నాడు పెద్దాయన. తాతగారు ఆ నిమిషంలోనే పుట్టాడని నాకు అనిపించింది. "అయితే ఇప్పుడేం చెయ్యాలంటావ్?"

"నాకేం దెలుస్తది సారూ. మా ఊళ్ళె అయితే పడమటి గోడకు వార పెట్టి, మీద బట్ట గప్పుతరు. దేవుని మూల ఖాళీ ఉంచుతరు. ఎండ తగులాలె గాడ. ఏదన్న తినే వస్తువు ఆరబోస్తరు, దేవునికి నైవేద్యం లెక్క."

మా ఊళ్ళో పడవ లేదు. పెద్దాయన దిక్సూచి తీసి, పడమటి గోడ చూసి, తల ఊపాడు. మధ్యాహ్నానికి పడవ గోడ వారకు చేరింది. మీద టార్పాలిన్ కప్పారు. గది ఖాళీ చేసే మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. లక్ష్మీకాంత్ వర్షాలు పడ్డాక దాన్ని ఘట్‌కేసర్ వైపు మంచి చెరువు చూసి దించుతానన్నాడు. ఈసారి కూడా తెడ్డు కుడిపక్కే వేస్తాడేమో, నన్నెవరూ అడగలేదు.

ఆ రోజు నుంచి డాబా మొత్తం మాదే. ఈశాన్యం మూలకు చెప్పులతో వెళ్ళకూడదని పెద్దాయన ఇంట్లోవాళ్ళకు ఆజ్ఞ వేశాడు. గీతిక బట్టలు ఆరేసుకోవడానికి కూడా రాలేదు. ఎండ నిప్పులా ఉంది. అత్త తెల్లవారకముందే గంజి కాచి, పొద్దు పొడిచేసరికి చీరలు పరిచేది. సాయంత్రం చీర వెనక నీళ్ళు చిలకరించి నేను ఒలిచేదాన్ని. నెలాఖరుకు ముందే రెండు గోనె సంచులు హబ్సిగూడ చేరాయి. త్రిపురసుందరి గారు ఒక వడియం వెలుతురులో పెట్టి చూసి, సంచులు లోపల పెట్టించింది. గుంటూరు ప్యాకెట్లు రాలేదు.

మే నెలలో ఒక పొద్దున రామ్మోహనరావు గారు మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు పై మెట్టు మీదే విడిచి, కాలుతున్న నేల మీద కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు.

"మల్లవ్వా, పట్టాభిరామయ్య గారు చెప్పారు. కొత్త కారు తీసుకున్నాను. ముక్కు ఎటు ఉండాలో నువ్వు చెప్తావంట."

అత్త పిండి మీద నుంచి తల ఎత్తలేదు. "మీ గేటు కాడ చెట్టున్నదా సారూ?"

"వేప చెట్టుంది."

"దాని కిందికి పెట్టుర్రి."

"అదే, ఏ దిక్కుకి?"

"నీడ యాడుంటే గా దిక్కే."

ఆయన ఆ మాట పెదాలతో ఒకసారి అనుకుని, అర్థమైనట్టు గట్టిగా తల ఊపాడు. రెండు చేతులూ జోడించబోయి, మాలాంటి అద్దెకున్నవాళ్ళకు దండమేమిటని గుర్తొచ్చిందేమో, మధ్యలో ఆపేసి, చెప్పులు వేసుకుని దిగిపోయాడు.

"నీడ దిక్కు ఏ శాస్త్రంల ఉన్నదత్తా?" అన్నాను.

"ముందుగాల గా చివరి చీర మీద కాకి సూడు," అంది అత్త.